సొంత కమాండ్ రాయాలంటే ఏ లాంగ్వేజ్? పాల లెక్క నేర్పిన పాఠం

బచ్చన్నపేట నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. ఈ రోజు టాపిక్ మీరిచ్చిందే. టెర్మక్స్ గురించి చెప్పినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, సొంతంగా కమాండ్ రాసుకోవాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలె? బ్యాషా, పైథానా, గోనా, రస్టా?"

"పైథాన్ నేర్చుకోండి, బై" అని చెప్పి వీడియో ఆపేయొచ్చు. కానీ అది సగం జవాబే. మిగతా సగం కోసం నేను రెండు తప్పులు చెప్పాలి. ఒకటి మా చెల్లె చేసింది, ఇంకొకటి నేను చేసింది. మా చెల్లె తప్పు నవ్వు తెప్పిస్తుంది. నాది తెప్పించదు.

ముందే ఒక మాట. ఇందులో చెప్పేదంతా ఫోన్‌లో చేయొచ్చు. ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. టెర్మక్స్‌ని ఎఫ్‌డ్రాయిడ్ నుంచో గిట్‌హబ్ నుంచో తీసుకోండి, చాలు.

పాల లెక్క

మా కాక బిడ్డ పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే. కాకకు బర్రెలున్నాయి. పొద్దున, సాయంత్రం పాలు సెంటర్‌లో పోస్తడు. పోసినప్పుడల్లా ఒక చిట్టీ ఇస్తరు. పదిహేను రోజులకు ఒకసారి పైసలు. ఆ చిట్టీలన్నీ గోడకు కొట్టిన మేకుకు గుచ్చి ఉంటయ్. వాటిని కూడి చూసేవాళ్లు ఎవరూ లేరు.

మా చెల్లె ఏం చేసిందంటే, చిట్టీలన్నీ ఫోన్‌లో ఒక ఫైల్‌గా కొట్టింది. ఒక లైన్‌లో తేదీ, పూట, లీటర్లు, మధ్యలో కామాలు. తర్వాత బ్యాష్‌లో "పాలు" అని ఒక కమాండ్ రాసింది. పాలు అని కొడితే పదిహేను రోజుల లెక్క రావాలె.

మొదటిసారి నడిపిస్తే ఎర్రర్. ఎందుకంటే బ్యాష్‌కు పాయింట్ లెక్కలు రావు. పూర్తి సంఖ్యలే వస్తయ్. 4.6 ఇంటూ 45 చేయమంటే "ఇదేం గుర్తు" అని మొండికేస్తుంది. మా చెల్లె నెట్‌లో వెతికి, పాయింట్ తర్వాత ఉన్నది కట్ చేసేసింది. 4.6 కాస్తా 4 అయింది. 3.8 కాస్తా 3 అయింది. ఎర్రర్ పోయింది. తను ఖుషీ.

ఇప్పుడు లెక్క చూడండి. సులువుగా ఉండడానికి రోజూ పొద్దున 4.6, సాయంత్రం 3.8 లీటర్లు, లీటర్ 45 రూపాయలు అనుకుందాం. రోజుకు 8.4 లీటర్లు. పదిహేను రోజులకు 126 లీటర్లు, 5,670 రూపాయలు. మా చెల్లె కమాండ్ ఏం చెప్పింది? రోజుకు 7 లీటర్లు, మొత్తం 105 లీటర్లు, 4,725 రూపాయలు. 945 రూపాయల తేడా.

తను ఉరుక్కుంటపోయి చెప్పింది: "బాపూ, సెంటరోళ్లు మనకు ఎక్కువిచ్చిండ్రు!"

కాక బీడీ పక్కన పెట్టి ఒక్క మాటన్నడు: "పాలోళ్లు ఎప్పుడన్న ఎక్కువిస్తరా బిడ్డా? నీ ఫోనే తప్పు చెప్తున్నది."

ఫ్రెండ్స్, ఇంతకంటే మంచి టెస్టింగ్ నేను ఏ కంపెనీలో చూడలేదు. కోడ్ ఒక్క లైన్ చదవకుండా, జవాబు చూసి బగ్ ఉందని చెప్పేశాడు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎర్రర్ వచ్చే ప్రోగ్రామ్‌తో అంత భయం లేదు, అది తప్పైందని చెప్తుంది కదా. ఎర్రర్ రాకుండా తప్పు జవాబిచ్చేదానితోనే భయం. లాంగ్వేజ్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ఇది తప్పు చేస్తే నాకు చెప్తుందా, మూసి పెడుతుందా?

అసలు కమాండ్ అంటే ఏంటి?

ఎల్ఎస్, సీపీ, గ్రెప్ లాంటి వాటిని చూస్తే అవి సిస్టమ్‌లో పుట్టుకతో వచ్చిన మంత్రాలు అనిపిస్తయ్. కాదు. అవి కూడా మనలాంటి వాళ్లు రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టిన ఫైళ్లే. మీ ఫైల్ కమాండ్ కావాలంటే మూడు పనులు చాలు.

ఒకటి, ఫైల్ మొదటి లైన్‌లో "దీన్ని ఎవరు చదవాలి" అని రాయాలి. హ్యాష్, ఆశ్చర్యార్థకం, తర్వాత బ్యాష్ దారో పైథాన్ దారో. దీన్నే షెబ్యాంగ్ అంటారు. రెండు, సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కొట్టి, ఈ ఫైల్‌ని నడపొచ్చు అని పర్మిషన్ ఇవ్వాలి. మూడు, షెల్ వెతికే ఫోల్డర్లలో ఒకదాంట్లో ఆ ఫైల్ పెట్టాలి. ఆ ఫోల్డర్ల లిస్ట్ పేరే పాత్.

ఫోన్‌లో చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్లు ఉండే షేర్డ్ స్టోరేజ్‌లో పెడితే మీ ఫైల్ కమాండ్‌గా నడవదు. అక్కడ ఆండ్రాయిడ్ ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వదు. టెర్మక్స్ సొంత హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టండి. గంటలు గంటలు తల పట్టుకునేది ఇక్కడే.

గమనించారా? ఆ మూడు పనుల్లో ఫలానా లాంగ్వేజే ఉండాలని ఎక్కడా లేదు. మీరు ఏ లాంగ్వేజ్‌లో రాశారో షెల్‌కు అనవసరం. దానికి కావాల్సింది నాలుగే: మీరు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు తీసుకోవాలి, లోపలికి వచ్చే డేటా చదవాలి, జవాబు ఒక దారిలో ఎర్రర్ ఇంకో దారిలో పంపాలి, చివర్లో ఒక నంబర్ ఇచ్చి పోవాలి. 0 అంటే పని అయింది, వేరే ఏదైనా అంటే కాలేదు. ఈ ఒప్పందం పాటిస్తే చాలు, సీలో రాసిన కమాండ్, పైథాన్‌లో రాసిన కమాండ్ పక్కపక్కనే పని చేస్తయ్. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పైప్ పెట్టినప్పటి నుంచి ఇదే నడుస్తోంది. ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాని ఇన్‌పుట్, మోటర్‌కు పైపు మీద పైపు తగిలించినట్టు.

అందుకే "ఏ లాంగ్వేజ్ బెస్ట్" అనే ప్రశ్న తప్పు. "ఈ పనికి ఏది సరిపోతుంది" అని అడగాలి.

షెల్ తప్ప ఇంకేదీ చేయలేని పని

ఒక్క విషయంలో మాత్రం మీకు చాయిస్ లేదు. "ప్రాజెక్ట్" అని కొడితే మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోవాలి అనుకోండి. పైథాన్‌లో రాస్తే పని చేయదు. గోలో రాసినా చేయదు.

ఎందుకంటే మీరు నడిపే ప్రతి ప్రోగ్రామ్ షెల్‌కు పుట్టిన పిల్ల. ఆ పిల్ల ఎక్కడికి పోయినా, తల్లి ఉన్న చోటనే ఉంటది. పైథాన్ ప్రోగ్రామ్ ఫోల్డర్ మారుతుంది, పని ఐపోయి చచ్చిపోతుంది, మీరు చూస్తే పాత ఫోల్డర్‌లోనే ఉంటారు. సీడీ అనేది షెల్ లోపల ఉండే కమాండ్ కావడానికి కారణం ఇదే. కాబట్టి ఫోల్డర్ మార్చడం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడం లాంటివి కావాలంటే షెల్ ఫంక్షన్‌గానే రాయాలి. బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో మూడు లైన్లు, ఐపోతుంది.

అట్లనే ఉన్న కమాండ్లనే వరుసగా పిలిచే పని ఉంటే కూడా బ్యాష్‌కు మించింది లేదు. ఫోటోలు జిప్ చెయ్, తేదీ పేరు పెట్టు, ఇంకో చోటికి కాపీ చెయ్. ఇది బ్యాష్‌లో ఐదు లైన్లు. బ్రయన్ ఫాక్స్ 1989లో బయటికి తెచ్చిన బ్యాష్ ఇంకా బతికి ఉండడానికి కారణం ఇదే. అతుకులు వేయడంలో అది దర్జీ.

కానీ దర్జీ చేతిలో కత్తెర ఉంటది. ఆ కత్తెర నన్ను కోసింది.

నాయనమ్మ పాటలు

నేను హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్నప్పుడు బాపు నాకు వాట్సాప్‌లో వాయిస్ నోట్స్ పంపేవాడు. నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలు. ఊళ్లో నాటేసేటప్పుడు పాడేవి కూడా. మధ్యలో కోడి అరుస్తది, ఎవరో పిలుస్తరు, నాయనమ్మ పాట ఆపి వాళ్లను తిట్టి మళ్లీ అందుకుంటది. పదిహేడు ఉండేవి. నాయనమ్మ పోయినంక ఆ పదిహేడునూ వాట్సాప్ ఫోల్డర్ నుంచి తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నా. కాపీ కాదు, మూవ్ చేశా.

ఫోన్ నిండిపోయింది. మిగతా వాయిస్ నోట్స్ అన్నీ చెత్తే కదా అని రెండు లైన్ల స్క్రిప్ట్ రాశా. మొదటి లైన్: వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్‌లోకి పో. రెండో లైన్: అక్కడున్నవన్నీ తుడిచెయ్.

ఆ ఫోల్డర్ దారిని ఒక వేరియబుల్‌లో పెట్టా. సీడీ పక్కన ఆ వేరియబుల్ రాసేటప్పుడు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టలేదు. "వాట్సాప్ వాయిస్ నోట్స్" అనే పేరులో ఖాళీలు ఉన్నాయి కదా. కోట్స్ లేకపోతే బ్యాష్ దాన్ని ఒక పేరుగా చూడదు, ముక్కలు ముక్కలు చేస్తుంది. సీడీకి ఒక ఫోల్డర్ బదులు మూడు మాటలు అందాయి. "ఆర్గ్యుమెంట్లు ఎక్కువైనయ్" అని ఎర్రర్ చూపించి, ఉన్న చోటనే ఉండిపోయింది.

బ్యాష్ అక్కడ ఆగలేదు. ఒక లైన్ ఫెయిలైనా తర్వాతి లైన్‌కి పోవడం దాని అలవాటు. "ఇక్కడున్నవన్నీ తుడిచెయ్" అనే రెండో లైన్ నడిచింది. నేను అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాను? పాటలు సరిగ్గా వచ్చినయా లేదా చూద్దామని నాయనమ్మ ఫోల్డర్‌లో.

తుడవాలనుకున్న చెత్తంతా భద్రంగా ఉంది. దాచుకున్నవే పోయినయ్. ఆర్ఎం కొడితే రీసైకిల్ బిన్ ఉండదు. బాపు అప్పటికే ఫోన్ మార్చేశాడు.

ఒక్కటి మిగిలింది. ఎప్పుడో మా అత్తమ్మకు ఫార్వర్డ్ చేశా కాబట్టి ఆమె ఫోన్‌లో దొరికింది. పదిహేడులో ఒకటి.

ఈ కథ మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పట్లేదు. ఆ స్క్రిప్ట్ రెండే లైన్లు, అందులో మూడు పాఠాలు ఉన్నాయి. ఒకటి, వేరియబుల్ రాస్తే చుట్టూ డబుల్ కోట్స్ పెట్టండి, ఎప్పుడూ. రెండు, సీడీకి, దాని తర్వాత పనికి మధ్య రెండు ఆంపర్‌సాండ్లు పెట్టండి. అంటే "పోగలిగితేనే తుడువు" అని. లేకపోతే స్క్రిప్ట్ పైన సెట్ మైనస్ ఈ రాయండి, చాలావరకు ఎర్రర్ వచ్చిన చోటే ఆగుతుంది. మూడు, షెల్‌చెక్ అనే టూల్ వాడండి. దాని వెబ్‌సైట్‌లో స్క్రిప్ట్ పేస్ట్ చేస్తే చాలు. నా రెండు లైన్లు తర్వాత అందులో పెట్టి చూశా. కోట్స్ లేవని చెప్పింది, సీడీ ఫెయిలైతే ఏంటని అడిగింది. అర నిమిషం పని. నేను ఆ పని చేయలేదు.

ఇదే పని పైథాన్‌లో రాసి ఉంటే? పేరులో ఖాళీ ఉన్నా పైథాన్‌కు అది ఒకటే స్ట్రింగ్, ముక్కలు చేయదు. నిజంగానే ఫోల్డర్ దొరక్కపోతే అక్కడే ఆగిపోతుంది, తర్వాతి లైన్‌కి పోదు. అంటే తుడిచే పని ఉంటే, ఎర్రర్ వస్తే వెంటనే ఆగే అలవాటున్న లాంగ్వేజ్ తీసుకోండి. ఇది స్పీడ్ కంటే ముఖ్యం.

ఆక్, తర్వాత పైథాన్

మళ్లీ పాల దగ్గరికి వద్దాం. మా చెల్లెకు మొదట చూపించింది ఆక్. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ముగ్గురు రాశారు: ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్. వాళ్ల పేర్లలో మొదటి అక్షరాలే ఆ పేరు. కాలమ్స్‌గా ఉన్న ఫైల్‌లో కూడికలు వేయడానికే పుట్టినట్టు ఉంటది. కామా దగ్గర విడగొట్టు, మూడో కాలమ్ కూడు, చివర్లో 45తో గుణించి చూపించు. ఒక్క లైన్. పాయింట్లు కూడా వస్తయ్. 5,670 వచ్చింది. కాక చిట్టీ చూసి "ఇగో, ఇప్పుడు సరిగ్గ చెప్పింది" అన్నడు.

కానీ పని అక్కడ ఆగదు కదా. నిజంగా పాలకు రేటు ఒకటే ఉండదు, వెన్న శాతాన్ని బట్టి మారుతుంది. దాణా బస్తా తెచ్చుకుంటే ఆ పైసలు కోసుకుంటరు. ఒక పూట చిట్టీ పోతే ఆ పూట ఖాళీ అని చెప్పాలి. తేదీల లెక్క ఉంటుంది. బ్యాష్‌లో తేదీలతో ఇంకో గుంత ఉంది: ముందు సున్నా ఉన్న నంబర్‌ను అది ఎనిమిది ఆధారంగా లెక్కిస్తుంది. లెక్కలో 010 రాస్తే 8 అనుకుంటుంది. 08, 09 రాస్తే ఎర్రర్. అంటే మీ స్క్రిప్ట్ ఏడో తారీఖు వరకు మంచిగా నడిచి ఎనిమిదిన పడిపోతుంది!

ఇక్కడికి వచ్చామంటే బ్యాష్ దిగిపోవాల్సిన స్టేజ్ వచ్చినట్టే. గూగుల్ వాళ్ల షెల్ స్టైల్ గైడ్‌లో కూడా ఉంటుంది: స్క్రిప్ట్ 100 లైన్లు దాటినా, లాజిక్ వంకర్లు తిరిగినా వేరే లాంగ్వేజ్‌లోకి మార్చి రాయండని. నా లెక్కలో 100 కూడా ఎక్కువే. 40 దగ్గరే ఆలోచించండి.

పైథాన్‌లో మనకు కావాల్సినవన్నీ దాంతోపాటే వస్తయ్. కామాల ఫైల్ చదవడానికి సీఎస్‌వీ మాడ్యూల్, ఆప్షన్లు తీసుకోవడానికి ఆర్గ్‌పార్స్, తేదీలకు డేట్‌టైమ్. పిప్‌తో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అమెజాన్ ఏడబ్ల్యూఎస్ కమాండ్, మైక్రోసాఫ్ట్ అజూర్ కమాండ్ కూడా పైథాన్‌లో రాసినవే.

కానీ పైథాన్‌లో కూడా ఒక గుంత చూపిస్తా. ఇప్పుడే పైథాన్ తెరిచి 4.6 ఇంటూ 45 కొట్టండి. 207 రావాలి కదా? వచ్చేది 206.99999999999997. కంప్యూటర్ 4.6ని బైనరీలో కచ్చితంగా దాచలేదు, అందుకే. దాన్ని పూర్తి సంఖ్యగా మార్చితే 206 అవుతుంది. ఒక పూటకు ఒక రూపాయి గల్లంతు. పైసల లెక్క ఉంటే డెసిమల్ మాడ్యూల్ వాడండి, 4.6ని కోట్స్‌లో స్ట్రింగ్‌గా ఇవ్వండి. లేదా అంతా పైసల్లో, మిల్లీలీటర్లలో పూర్తి సంఖ్యలుగా పెట్టుకోండి. లాంగ్వేజ్ మారితే గుంతలు పోవు ఫ్రెండ్స్, వేరే చోటికి జరుగుతయ్.

తెలుగు పెట్టి చూడండి

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఎవరూ చెప్పని టెస్ట్ ఒకటి ఇస్తా. ఏ లాంగ్వేజ్ తీసుకున్నా దానికి మన ఊరి పేరు ఇవ్వండి. "బచ్చన్నపేట". ఎన్ని అక్షరాలు అని అడగండి.

మనకు కనిపించేవి ఐదు: బ, చ్చ, న్న, పే, ట. పైథాన్ పది అంటుంది. ఎందుకంటే చ, పొల్లు, మళ్లీ చ, ఇట్లా యూనికోడ్‌లో విడివిడిగా ఉంటాయి. ఏత్వం కూడా వేరే లెక్క. గోలో లెన్ అంటే ముప్పై అంటుంది, రస్ట్‌లో కూడా ముప్పై. అవి బైట్లు లెక్కపెడతాయి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తింటది. ఐదు, పది, ముప్పై. అన్నీ కరెక్టే, లెక్కపెట్టేది వేరు.

ఇది ఎప్పుడు కొడుతుందంటే, పేర్లను కత్తిరించినప్పుడు. లైనక్స్‌లో కట్ కమాండ్‌కు "మొదటి ఐదు క్యారెక్టర్లు" అని ఇస్తే చాలాచోట్ల ఐదు బైట్లు కోస్తుంది. అంటే బ ఒక్కటి బాగా వస్తుంది, తర్వాత రెండు బైట్ల పిచ్చి గుర్తు. గోలో స్ట్రింగ్‌ను అట్లా కోసినా అంతే. రస్ట్ అయితే "అక్షరం మధ్యలో కోస్తున్నవ్" అని ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. పైథాన్‌లో మొదటి ఐదు తీస్తే "బచ్చన" వస్తుంది. చదవొచ్చు, కానీ ఒత్తు ఊడిపోయింది. ఒత్తులను కలిపి ఒకే అక్షరంగా చూడాలనే రూల్ తెలుగుకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. కాబట్టి అక్షరాలు సరిగ్గా కోయాలంటే ఆ రూల్ తెలిసిన లైబ్రరీ వాడాలి. అస్సలు కోయకపోతే ఇంకా మంచిది.

మీ ఫైల్‌లో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తెలుగులో ఉంటే ముందు ఈ టెస్ట్ చేయండి. తర్వాత లాంగ్వేజ్ గురించి మాట్లాడుకుందాం.

గో, రస్ట్ ఎప్పుడు?

మా చెల్లె ఫ్రెండ్ వాళ్ల ఇంట్లో కూడా పాలు పోస్తరు. "నాకూ ఆ కమాండ్ ఇయ్యవా" అంది. ఇప్పుడు కొత్త ప్రశ్న: ఆ ఫోన్‌లో పైథాన్ ఉందా? ఏ వర్షన్? నేను కంపెనీలో ఉన్నప్పుడు పైథాన్ 2లో రాసిన స్క్రిప్టులు చూశా. 2020 జనవరి 1తో పైథాన్ 2కు సపోర్ట్ ఐపోయింది. తర్వాత వాటిని మార్చలేక మేం పడ్డ పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

నలుగురికీ పంచాలంటే గో బాగుంటుంది. కంపైల్ చేస్తే ఒక్క ఫైల్ వస్తుంది, చిన్న కమాండ్‌కు రెండు ఎంబీల దగ్గర. అవతలి వాళ్లు గో ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో కూర్చుని వేరే రకం ప్రాసెసర్‌కు కూడా కంపైల్ చేయొచ్చు. డాకర్, కుబర్నెటిస్, గిట్‌హబ్ వాళ్ల కమాండ్, అన్నీ గోలోనే ఉన్నాయి. నేర్చుకోవడానికి కూడా చిన్న లాంగ్వేజ్.

రస్ట్ ఎప్పుడంటే, పెద్ద పెద్ద ఫైళ్లను చాలా ఫాస్ట్‌గా జల్లెడ పట్టాల్సినప్పుడు. రిప్‌గ్రెప్ రస్ట్‌లో రాసిందే. వీఎస్ కోడ్‌లో మీరు సెర్చ్ కొడితే వెనక నడిచేది అదే. కానీ రస్ట్ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది, ఫోన్‌లో కంపైల్ చేస్తే ఫోన్ వేడెక్కి కూర్చుంటుంది.

ఒకటి గమనించండి. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 25.10లో పాత ప్రాథమిక కమాండ్లలో చాలావాటిని రస్ట్‌లో రాసినవాటితో మార్చారు. అంత గట్టి లాంగ్వేజ్. అయినా డేట్ కమాండ్‌లో ఒక ఆప్షన్‌ను పట్టించుకోకుండా ఇప్పటి టైమ్ ఇచ్చేసే బగ్ ఉండి, ఆటోమేటిక్ అప్‌డేట్ల చెకింగ్ దెబ్బతింది. ఎర్రర్ లేదు, జవాబు మాత్రం తప్పు. మా చెల్లె పాల లెక్క గుర్తొచ్చిందా? సేమ్ జబ్బు.

ఐదు ప్రశ్నలు

స్క్రీన్‌షాట్ తీసుకోవాలంటే ఇక్కడ తీసుకోండి.

1. ఫోల్డర్ మార్చడం లాంటి, షెల్‌నే మార్చే పనా? షెల్ ఫంక్షన్. వేరే దారి లేదు.
2. ఉన్న కమాండ్లను వరుసగా పిలవడమేనా, 40 లైన్ల లోపేనా? బ్యాష్, షెల్‌చెక్‌తో కలిపి. కాలమ్స్ కూడికైతే ఆక్.
3. పాయింట్ లెక్కలు, తేదీలు, జేసన్, తెలుగు పేర్లు, ఫైళ్లు తుడవడం ఉన్నాయా? పైథాన్.
4. వేరేవాళ్ల ఫోన్‌లో, సిస్టమ్‌లో నడవాలా? గో.
5. స్పీడ్ నిజంగా సరిపోవట్లేదా? ముందు టైమ్ కమాండ్ పెట్టి కొలవండి. కొలిచినంక కూడా సరిపోకపోతే రస్ట్.

"నాకు జావాస్క్రిప్ట్ ఒక్కటే వచ్చు అన్నా" అంటారా? నోడ్‌లో రాయండి. మొదలయ్యేటప్పుడు కొంచెం బరువుగా ఉంటుంది, అంతే. వచ్చిన లాంగ్వేజ్‌లో ఇవాళ రాసిన కమాండ్, రాని లాంగ్వేజ్‌లో వచ్చే ఏడాది రాద్దామనుకున్న కమాండ్ కంటే మంచిది.

ఏ లాంగ్వేజ్ అయినా ఇవి మాత్రం పెట్టండి

హెల్ప్ అని కొడితే ఎట్లా వాడాలో చెప్పాలి. మీరే ఆరు నెలల తర్వాత మర్చిపోతారు. పని కాకపోతే 0 కాని నంబర్ ఇవ్వాలి, ఎర్రర్‌ను ఎర్రర్ దారిలోనే పంపాలి. అర్థం కాని లైన్ వస్తే దాన్ని మింగేయకుండా "పన్నెండో లైన్‌లో లీటర్లు లేవు" అని చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, తుడిచే కమాండ్ ఏదైనా మామూలుగా కొడితే తుడవకూడదు. "వీటిని తుడుస్తా" అని లిస్ట్ చూపించి ఆగాలి. నిజంగా తుడవాలంటే ఇంకో ఆప్షన్ ఇవ్వాలి. దీన్ని డ్రై రన్ అంటారు. నా స్క్రిప్ట్‌లో అది ఉండి ఉంటే, లిస్ట్‌లో పదిహేడు పాటల పేర్లు కనిపించేవి. నేను ఆగేవాడిని.

మా చెల్లె పాలు కమాండ్ ఇప్పుడు పైథాన్‌లో ఉంది. పదిహేను రోజులకు ఒకసారి నడిపించి బాపుకు చదివి వినిపిస్తది. కాక మాత్రం ఇంకా చిట్టీలు మేకుకు గుచ్చడం ఆపలేదు. "నీ ఫోన్ నీ దగ్గర, నా మేకు నా దగ్గర" అంటడు. బ్యాకప్ గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనకే తెలుసు.

మీకు హోమ్‌వర్క్. మీ ఇంట్లో చేత్తో వేసే లెక్క ఒకటి పట్టుకోండి. కిరాణా ఖాతా, కరెంట్ బిల్లు, కూలి లెక్క, ఏదైనా సరే. దానికి ఒక కమాండ్ రాయండి. రాశాక జవాబును ఇంట్లో ఆ లెక్క తెలిసిన మనిషికి చూపించండి. వాళ్లు "తప్పు" అంటే వాదించకండి, ముందు కోడ్ చూసుకోండి.

తర్వాతి ఎపిసోడ్‌లో బ్యాకప్ గురించి మాట్లాడుకుందాం. ఈలోపు మీ ఫోన్‌లో పెద్దవాళ్ల గొంతులు ఉంటే, ఈ రాత్రే ఇంకో చోటికి కాపీ చేయండి. మూవ్ కాదు, కాపీ. ఉంటా మరి, నమస్తే.